మంచం కేంద్రంగా యాభై మీటర్లు

మా ఊళ్ళో బురదగెడ్డ వీధికి కంచె కట్టినవాణ్ణి నేనే. విప్పినవాణ్ణీ నేనే. నడుమ ఇరవై ఆరు రోజులు ఆ కంచె లోపల ఉన్నవాణ్ణి కూడా నేనే. ఎవరెవరో ఏదేదో చెప్పుకుంటున్నారు గనక జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పని పందిళ్ళు కట్టడం. కరోనా వచ్చిన ఆ వేసవిలో పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. నా వెదురు గెడలు రెండు వందలు పెరట్లో పేర్చి ఉన్నాయి. చెద పట్టకుండా వాటిని రోజూ అటూ ఇటూ తిప్పి పెట్టడం తప్ప నాకు వేరే పని లేదు. అప్పుడు మున్సిపాలిటీ జీపు మా గుమ్మంలో ఆగింది.

శానిటరీ ఇన్‌స్పెక్టరు రంగనాయకులు గారు దిగారు. ముఖానికి రెండు మాస్కులు, వాటి మీద ఒక ప్లాస్టిక్ తెర. అన్నీ ఉంటే ఆయన మాట వినపడదు. అందుకని మాట్లాడేటప్పుడు తెర ఎత్తి మాస్కులు దించేవారు. మాట అయిపోగానే మళ్ళీ అన్నీ బిగించుకునేవారు.

బురదగెడ్డ వీధిలో లారీ డ్రైవరు గౌరీసుకి పాజిటివ్ వచ్చిందని చెప్పారు. ఆ వీధికి వెంటనే కంచె కట్టాలట. ఉత్తర్వు తీసి చదివారు. "రోగి కేంద్రంగా యాభై మీటర్ల వ్యాసార్థంతో నియంత్రిత మండలం ఏర్పాటు చేయవలెను."

వ్యాసార్థం అంటే ఏమిటని అడిగాను. నడుమ నుంచి ఎటు కొలిచినా యాభై మీటర్లే రావాలన్నారు. అయితే అది గుండ్రం పందిరి. యజ్ఞాలకి వేస్తాం. నడుమ ఒక మేకు పాతి, దానికి తాడు కట్టి, కొస పట్టుకుని చుట్టూ తిరుగుతాం. కొస ఎక్కడికి వస్తే అక్కడ గెడ పాతుతాం. దానికి చదువు అక్కర్లేదు.

గౌరీసు ఇంట్లో మేకు పాతడం కుదరలేదు. గచ్చు మొన్న సంక్రాంతి ముందే చేయించారు, పగలకొడితే ఊరుకోనని గౌరీసు తల్లి పోలమ్మ గుమ్మంలో నిలబడింది. ఇన్‌స్పెక్టరు గారు లోపలికి రారు. నేను కిటికీలోంచి చూశాను. గౌరీసు నులక మంచం మీద కూర్చుని ముంజెలు తింటున్నాడు. దగ్గు లేదు, జ్వరం లేదు. నేను చెయ్యి లోపలికి పెట్టి, తాడు మంచం కోడుకి కట్టాను.

"ఏటి మావా, నాకు ముకుతాడేస్తన్నావేటి?" అన్నాడు గౌరీసు.

"నీక్కాదు, మంచానికి," అన్నాను.

వీధి మొదట్లో ఒకటి, చివర ఒకటి, రెండు పక్క సందుల్లో రెండు, మొత్తం నాలుగు కంచెలు కట్టాలని తేలింది. తాడు లాక్కుని వీధి మొదటికి వెళ్ళాను. అక్కడ కుళాయి ఉంది. ఇరవై మూడు గడపలకీ అదొక్కటే మంచినీళ్ళ కుళాయి. తాడు కొస కుళాయికి రెండు మూరలు ఇవతలే ఆగిపోయింది.

రెండు మూరలు అవతలికి కట్టేస్తానన్నాను. ఇన్‌స్పెక్టరు గారు తెర ఎత్తారు, మాస్కులు దించారు. "నిబంధనలో రెండు మూరలు లేవు తవుడూ," అన్నారు. మళ్ళీ బిగించుకున్నారు.

కుళాయి బయట ఉండిపోయింది.

ఆయన జీపు మీద రిజిస్టరు పెట్టి రాసుకున్నారు. కేంద్ర బిందువు అన్నచోట కలం ఆగింది. తాడు దేనికి కట్టావని అడిగారు. మంచం కోడుకని చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆయన అదే రాసుకున్నారు. కేంద్ర బిందువు: నులక మంచం, పోలమ్మది.

ఆ రాత ఎంత దూరం పోతుందో అప్పుడు ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

ఇక నేను లోపల ఎలా ఉండిపోయానంటే, అది నా అలవాటు వల్ల. పందిరి కట్టేవాడు ఎప్పుడూ లోపల నిలబడి ముడి వేస్తాడు. తాడు కొసలు లోపలివైపే ఉండాలి. బయటినుంచి వచ్చే చుట్టాలకి ముడి కనపడకూడదు, అది పనితనం. నలభై ఏళ్ళుగా చేతులు అలాగే అలవాటు పడ్డాయి. నాలుగు కంచెలూ లోపలినుంచి కట్టాను. ఆఖరి ముడి బిగించి తలెత్తేసరికి ఇన్‌స్పెక్టరు గారు అవతల, నేను ఇవతల.

ఒక గెడ విప్పి బయటికి వచ్చేస్తానన్నాను. లోపలివారు బయటికి రాకూడదన్నారు. నేను ఈ వీధివాణ్ణి కాదన్నాను. ఆ సంగతి ఆయనకీ తెలుసునన్నారు. పధ్నాలుగు రోజులే గదా అన్నారు. కానిస్టేబుల్ని ఒకణ్ణి కాపలా పెట్టి జీపెక్కారు.

సాయంత్రం మా ఆడది అప్పయమ్మ వచ్చి కంచెకి అవతల నిలబడింది. నన్ను చాలాసేపు చూసింది.

"నలపయ్యేళ్ళబట్టి పందిళ్ళేస్తన్నావు. ఏ పెళ్ళిలోనైనా ఇలగ లోపలుండిపోనావేటి?" అంది.

లేదన్నాను. వెళ్ళిపోయింది. పోలమ్మ నాకు అరుగు మీద చాప వేసింది.

మర్నాటి నుంచి మున్సిపాలిటీ ఆటో కంచె దగ్గరికి వచ్చి మైకు పెట్టేది. గంటకొకసారి చేతులు కడుక్కోండి, ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా రుద్దండి, కడుక్కోనివారి మీద కఠిన చర్యలుంటాయి. ఆటో నిలబడేది సరిగ్గా కుళాయి పక్కనే. పొద్దున్న ఆరింటికి గంట సేపు, సాయంత్రం నాలుగింటికి గంట సేపు కుళాయి వచ్చేది. ఎవరూ పట్టుకోక అది కాలవలోకి పోయేది. వీధి మొత్తం కంచె మీద గడ్డాలు ఆన్చుకుని దాన్ని చూసేవాళ్ళం. సినిమాలు లేవు గదా ఆ రోజుల్లో.

వీధి చివర ఒక చేతిబోరింగు ఉంది. దాని నీళ్ళు తుప్పు రంగు. గుడ్డలో వడపోసి అవే తాగాం. అన్నం వండితే టీలో వండినట్టు వచ్చేది. పిల్లలకి కడుపునొప్పులు పట్టుకున్నాయి.

మూడో రోజు ఇన్‌స్పెక్టరు గారు వస్తే పోలమ్మ ఎదురెళ్ళింది. ఆవిడది అరవై దాటిన వయసు, సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది.

"సేతులు కడుక్కోమని మైకులో సెప్తన్నారు. కుళాయేమో అవతలెట్టీసినారు. ఏటితో కడుక్కోమంటారు బాబూ?"

ఆయన తెర ఎత్తారు. "మీ సమస్య పట్ల ప్రభుత్వం అత్యంత సానుభూతితో ఉంది. పై అధికారుల దృష్టికి తీసుకెళ్తాం."

తీసుకెళ్ళారు. రెండు రోజులకి ఇరవై మూడు సబ్బులు వచ్చాయి. ఇంటికొకటి. ఫొటో తీశారు. తర్వాత ఒక నీళ్ళ ట్యాంకరు కూడా వచ్చింది గాని కంచె దగ్గర ఆగిపోయింది. లోపలికి పంపదగిన నిత్యావసరాల జాబితా కానిస్టేబులు దగ్గరుంది. పాలు, కూరగాయలు, మందులు, గ్యాసు బండ. నీళ్ళు లేవు. నీళ్ళు రాయడం ఎవరికీ తట్టలేదు. జాబితా రాసినవాళ్ళ ఇళ్ళల్లో కుళాయిలుంటాయి. ట్యాంకరు వెనక్కి పోయి, వెళ్తూ వెళ్తూ రోడ్డు తడిపింది.

కుళాయి రెండు మూరల దూరంలో ఉంది గదా అని నా దగ్గర మిగిలిన గెడ ఒకటి తీసి, కొసకి పోలమ్మ బిందె తగిలించి కంచె మీదుగా చాపాను. బిందె నిండింది. వెనక్కి లాగబోతుంటే కానిస్టేబులు పట్టుకున్నాడు. బిందె హద్దు దాటిందట. దాటిన వస్తువుని పధ్నాలుగు రోజులు విడిగా ఉంచాలట. నీళ్ళు పారబోసి బిందెని మున్సిపల్ ఆఫీసుకి పట్టుకుపోయాడు. వారంలో అలా ఏడు బిందెలు పోయాయి. ఆఫీసు వసారాలో వరసగా, ఒకదానికొకటి ఆరడుగుల దూరంలో బోర్లించి, ఒక్కోదాని మీద సుద్దముక్కతో తేదీ వేసి పెట్టారని మా ఆడది చూసి వచ్చి చెప్పింది. గడువు తీరాక సొంతదార్లు స్వయంగా వచ్చి తీసుకెళ్ళాలట. సొంతదార్లు బయటికి రాకూడదు.

ఆఫీసుకి ఫోను చేసి అడుగుదామని అందరూ అనేవారు. ఫోను చేస్తే ముందు ఒకాయన దగ్గేవాడు. తర్వాత ఒకావిడ ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పేది. అదయ్యేసరికి అవతల ఎత్తేవారు కాదు. మళ్ళీ చేస్తే మళ్ళీ దగ్గు. మా వీధిలో దగ్గంటూ వినపడింది ఆ ఫోనులోనే.

అవతలేమో పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా ఊరు ఊరంతా కూరల బజార్లో ఒకరి మీద ఒకరు పడేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. తొమ్మిది దాటి ఒక నిమిషం అయ్యాక రోడ్డు మీద ఒక్కడు ఒంటరిగా నిలబడితే లాఠీ. జబ్బుకి కూడా డ్యూటీ వేళలుంటాయని అలా తెలిసింది.

పధ్నాలుగో రోజున గౌరీసుకి నెగిటివ్ వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు దండ తెచ్చారు. గౌరీసుని కంచె అవతలికి పిలిచి, అరటిపళ్ళిచ్చి, సర్టిఫికెట్టిచ్చి, చప్పట్లు కొట్టి, ఫొటో తీశారు. గౌరీసు దండ తీసి ఇంటికి వచ్చేద్దామని కంచె దగ్గరికి వచ్చాడు. కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. బయటివారు లోపలికి వెళ్ళకూడదు.

"బయటోణ్ణేటి? అది మా ఇల్లు," అన్నాడు గౌరీసు.

"నువ్వు ఆరోగ్యవంతుడివి. ఇది ఆరోగ్యం లేని ప్రాంతం," అని ఇన్‌స్పెక్టరు గారు విడమరిచారు.

ఊళ్ళో జబ్బు లేదని కాగితం ఉన్నవాడు గౌరీసు ఒక్కడే. వాడికి ఇల్లు లేకపోయింది. మా ఇంటికి పొమ్మన్నాను. ఆ రోజు నుంచి నేను వాళ్ళ అరుగు మీద, వాడు మా అరుగు మీద.

రోగి నయమయ్యాడు గదా, ఇక కంచె తియ్యమన్నాం. ఇన్‌స్పెక్టరు గారు రిజిస్టరు తిప్పారు. ఆయన ముఖం తెర వెనకాల కొంచెం మారింది. కేంద్ర బిందువుకి నెగిటివ్ వచ్చిన పిదప మండలాన్ని ఎత్తివేయవలెనని ఉంది. కేంద్ర బిందువు మంచం. మంచానికి పరీక్ష చెయ్యలేదు.

కొట్టేసి గౌరీసు పేరు రాసుకోండి బాబూ అని చెప్పాను. రికార్డు దిద్దడం నేరమన్నారు.

మర్నాడు నర్సమ్మ సుగుణ వచ్చింది. ఒళ్ళంతా నీలం సంచీలో ఉంది, కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. ఆ కళ్ళతో మంచాన్ని ముందు నుంచీ వెనక నుంచీ చూసింది. ముక్కు ఎక్కడుందని ఇన్‌స్పెక్టరు గారిని అడిగింది. ఆయన ఎవరికో ఫోను చేసి, దగ్గు విని, ఆవిడ చెప్పింది విని, అవతలివాళ్ళు ఎత్తాక అడిగి, "సమీపంలోని తత్సమాన రంధ్రం నుంచి నమూనా సేకరించవలసిందన్నారు," అని చెప్పారు.

మంచం ఎడమ ముందుకోడు వదులుగా ఉంటుంది. పట్టె దూరే బెజ్జంలో సందు ఉంది. సుగుణ దూది చుట్టిన పుల్ల అందులో దూర్చి తిప్పింది. పుల్ల బిగుసుకుపోయి పుటుక్కున విరిగింది. పై ముక్క సీసాలో వేసుకుంది. దూది లోపలే ఉండిపోయింది.

తర్వాత కాగితం నింపారు. పేరు మంచం. వయసు అడిగితే పోలమ్మ తను కాపురానికి వచ్చిన ఏడాది చేయించారంది. యాభై పైన అని రాసుకున్నారు. తండ్రి పేరు దగ్గర వడ్రంగి సూరయ్య. లక్షణాలేమిటంటే పక్కకి తిరిగితే కిర్రుమంటుందని చెప్పింది. పాత జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగారు.

"ఒక కోడు ఊగుద్ది," అంది పోలమ్మ.

సుగుణ దీర్ఘకాలిక వ్యాధి ఉన్నదని రాసుకుంది. వయసు మీరినవారు, దీర్ఘకాలిక వ్యాధి ఉన్నవారు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని మంచం వైపు చూసి చెప్పింది. అది రోజుకి వందసార్లు చెప్పే మాట, నోటికి వచ్చేస్తుంది పాపం.

నాలుగు రోజులకి పోలమ్మ ఫోనుకి మెసేజి వచ్చింది. నమూనా చాలలేదు, మళ్ళీ ఇవ్వవలెను, అప్పటిదాకా ఇల్లు కదలరాదు. ఆ మర్నాడు ఎక్కడో పట్నం నుంచి ఒక పిల్ల ఫోను చేసింది. ఇళ్ళల్లో ఉన్న రోగుల్ని పలకరించడం ఆ పిల్ల ఉద్యోగం. పోలమ్మ స్పీకరు పెట్టింది.

"పేషెంటు ఎలా ఉన్నారండీ?"

"అలగే ఉన్నాది తల్లీ, నాలుక్కాళ్ళ మీద."

"లేచి నడవగలుగుతున్నారా?"

"యాబయ్యేళ్ళబట్టి నడవనేదు."

"ఆహారం తీసుకుంటున్నారా?"

"నేదమ్మా."

"ఊపిరి ఎలా ఆడుతుందండీ?"

"దానికి ఊపిరేటి తల్లీ?" అంది పోలమ్మ.

ఫోను చటుక్కున ఆగిపోయింది. అరగంటలో అంబులెన్సు కూతేసుకుంటూ వచ్చింది. ఊళ్ళో నిజంగా ఊపిరాడనివాళ్ళు పొద్దుట ఫోను చేస్తే సాయంత్రానికి కూడా రాని బండి అది. ఇద్దరు స్ట్రెచరు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, మంచాన్ని చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంచాన్ని స్ట్రెచరు మీద పెట్టి చూశారు కూడా. బండిలో పట్టలేదు. పట్టలేదని రాసుకుని సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు.

ఆ వేళ పోలమ్మ ఎదురింటి చంటిపిల్ల బోరింగు నీళ్ళు తాగి రెండుసార్లు కక్కుకుంది. పోలమ్మ ఆ బిడ్డని భుజాన వేసుకుని కంచె దగ్గరికి వెళ్ళి, కుళాయి వంక చూస్తూ నిలబడింది.

నేను వెళ్ళి కంచెకి అతికించిన ఉత్తర్వు దగ్గర నిలబడ్డాను. కూడబలుక్కుని చదవడానికి నాకు అరపూట పట్టింది. కేంద్ర బిందువు నుంచి యాభై మీటర్లు. కేంద్ర బిందువు కదలకూడదని ఎక్కడా లేదు.

వెనక్కి వచ్చి పోలమ్మతో మంచం ఎత్తమన్నాను. గదిలోంచి అరుగు మీదికి తెచ్చాం. మూడు మూరలు కుళాయి వైపు జరిగింది. తాడు కోడుకి కట్టి వీధి మొదటికి లాక్కెళ్ళాను. కొస కుళాయి దాటింది. నాలుగు గెడలు పీకి అవతల పాతాను. కానిస్టేబులు లాఠీ ఎత్తబోయి, ఉత్తర్వు చదివి, తాడు చూసి, మళ్ళీ ఉత్తర్వు చదివి దించేశాడు. అప్పుడే నాలుగు కొట్టింది. కుళాయి వచ్చింది. ఇరవై మూడు గడపలూ బిందెలు, బకెట్లు, అన్నం గిన్నెలు పట్టుకుని వచ్చాయి. ఎవరూ తోసుకోలేదు. పోలమ్మ ఆ చంటిదానికి దోసిట్లో పట్టి తాగించింది.

ఆ సుఖం రెండు పూటలు నడిచింది.

మూడు మూరలు ఇటు జరిగితే అటు చివర కూడా మూడు మూరలు జరగాలి గదా. నాకు నియమం అంటే నియమమే. అటు కంచె కూడా లోపలికి తెచ్చి కట్టాను. అక్కడ ఎర్నాయుడి ఇల్లు సగం బయటపడింది. వంటిల్లు బయట, పడకగది లోపల. అన్నం అవతల ఉడుకుతుంది, ఎర్నాయుడు ఇవతల కూర్చుని వాసన పీలుస్తాడు. అతని పెళ్ళాం గిన్నె అందించబోతే కానిస్టేబులు జాబితా తీశాడు. బియ్యం అయితే కూరగాయల్లో కలిపి ఒప్పుకోవచ్చు గాని, వండిన అన్నం జాబితాలో లేదన్నాడు. మంచం ఇంకో పది మూరలు జరిపితే నేను పూర్తిగా బయటపడతానని ఎర్నాయుడు బతిమాలాడు. కుళాయి దగ్గరి మిఠాయి కొట్టు శేటు మాత్రం తన కొట్టు వలయంలో పడుతుందని భయపడి, కేజీ జంతికలు పంపి మంచాన్ని ఉన్నచోటే ఉంచమని కబురు చేశాడు. జంతికలు కూడా జాబితాలో లేవు. కానిస్టేబులు ఉంచుకున్నాడు.

మూడో పూట ఇన్‌స్పెక్టరు గారు టేపు తెచ్చి స్వయంగా కొలిచారు. అంగుళం తేడా లేదు. టేపు చుట్టేశారు. ఆఫీసుకి వెళ్ళిపోయి, మర్నాడు తాఖీదు పట్టుకొచ్చారు. ముందు మంచాన్ని మళ్ళీ గదిలో పెట్టించారు. కుళాయి మళ్ళీ అవతలికి పోయింది. తర్వాత తాఖీదు చదివారు.

"కేంద్ర బిందువు అయిన మంచం, అధికారుల ముందస్తు అనుమతి లేకుండా స్థానం మారినట్లు దృష్టికి వచ్చినది. ఇట్టి చర్యకు కారణములు తెలుపుతూ, నాలుగు దినములలోగా కమిషనరు గారి ఎదుట స్వయంగా హాజరు కావలెను. గైర్హాజరైనచో ఏకపక్షంగా నిర్ణయం తీసుకొనబడును."

కాగితం మంచం మీద పెట్టి, ముట్టినట్టు సంతకం ఎవరు పెడతారని అడిగారు. పోలమ్మ మంచం కోడుకి కాటుక రాసి కాగితం మీద అద్దింది.

ఇన్‌స్పెక్టరు గారు వెళ్ళాక ఆవిడ నా వైపు తిరిగింది.

"అన్నా, మంచం ఆఫీసుకెళ్తే వలయం ఎక్కడుంటాది?" అంది.

నేను కూడా అదే ఆలోచిస్తున్నాను. గౌరీసుకి ఫోను చేశాను. నా పెరట్లో మిగిలిన గెడలు తోపుడు బండి మీద వేసుకుని మున్సిపల్ ఆఫీసు వెనకాల సందులో ఉండమన్నాను. ఎందుకని అడిగాడు. పందిరి అన్నాను.

ఇరవై ఆరో రోజు పొద్దున్న పదిన్నరకి మంచం బయల్దేరింది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు మోశారు. మంచం పొడుగు ఆరడుగులు, మనిషికీ మనిషికీ ఉండవలసిన దూరమూ ఆరడుగులే, సరిపోయింది. పోలమ్మ పక్కన నడిచింది. నేను తాడు చుట్ట భుజాన వేసుకున్నాను. కంచె దగ్గర కానిస్టేబులు మేం బయటికి రాకూడదన్నాడు. మంచం చుట్టూ యాభై మీటర్లు లోపలేనని, మేం లోపలే నడుస్తున్నామని చెప్పాను. అతను కొంచెం ఆలోచించి కంచె తీశాడు. అలా మేం లోపలే ఉండి బయటికి వచ్చాం.

అప్పటికి దుకాణాలు మధ్యాహ్నం దాకా తెరుస్తున్నారు. కానిస్టేబులు ముందు పరుగెత్తుతూ విజిలు వేశాడు. మంచం దగ్గరికి వస్తుంటే షట్టర్లు పడ్డాయి, దాటిపోగానే లేచాయి. మిఠాయి కొట్టు శేటు సగం లడ్డూ నోట్లో ఉండగానే షట్టరు దించుకున్నాడు. మంగలి షాపులో ఒకాయనకి సగం గడ్డం గీశాక వలయం వచ్చింది. ఆయన అలాగే కూర్చుని మేం పోయేదాకా కదల్లేదు.

ఆఫీసు గుమ్మంలో బంట్రోతు జ్వరం చూసే తుపాకి మంచం పట్టెకి గురిపెట్టాడు. ముప్పై నాలుగు వచ్చింది. బాగుందన్నాడు. నాలుగు కోళ్ళ మీదా మందు చల్లి లోపలికి వదిలాడు. వసారాలో మా బిందెలు ఏడూ తేదీలతో బోర్లించి ఉన్నాయి. పోలమ్మ తన బిందె వైపు చూసింది, ముట్టుకోలేదు.

మంచాన్ని కమిషనరు గారి గదిలో ఆయన బల్ల ఎదుట దించాం. ఇన్‌స్పెక్టరు గారు ఒక పక్క నిలబడ్డారు. కమిషనరు గారు ఫైలు మీంచి తలెత్తి, కేంద్ర బిందువు వచ్చిందా అని అడిగారు. వచ్చిందన్నారు. తక్కినవాళ్ళెవరని అడిగారు. నేను చెప్పబోయాను.

"సంబంధం లేని వ్యక్తులు గేటు బయట ఉండవలెను," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. "హాజరు కావలసింది మంచం మాత్రమే."

అలాగేనన్నాం. వెళ్ళేముందు నేను వంగి, తాడు కొస మంచం కోడుకి కట్టాను. ఆయన చూశారు. అది నా పనే గదా అని ఊరుకున్నారు. లోపల కమిషనరు గారు మంచం వైపు తిరిగి, ఇట్టి విపత్కర పరిస్థితుల్లో ప్రతి ఒక్కరూ ఉన్నచోటనే ఉండి సహకరించవలసిన ఆవశ్యకత గురించి మొదలుపెట్టారు. మేం బయటికి వచ్చేశాం.

తాడు కిటికీలోంచి లాక్కొచ్చి కొలిచాను. ముందు గేటు ముప్పై మీటర్లు, వెనక గేటు నలభై. తాడు రోడ్డు మీదికి వచ్చింది. ఆఫీసుకి చుట్టూ గోడ ఉంది గనక రెండు కంచెలు చాలు. గౌరీసు గెడలు అందించాడు. పన్నెండున్నరకి మొదలెట్టి ఒంటిగంటకి ముగించాం. నలభై ఏళ్ళలో మొదటిసారి, ఈ పందిరికి బయట నిలబడి ముడి వేశాను. కొసలు నా వైపే ఉంచుకున్నాను. కంచె మీద ఆ పాత ఉత్తర్వే అతికించాను.

ఒంటిగంటకి అధికారుల ఇళ్ళనుంచి క్యారేజీలు వచ్చాయి. కానిస్టేబులు జాబితా తీశాడు. అతను మంచి మనిషి, నియమం తెలిసినవాడు. వండిన అన్నం లేదన్నాడు. మంచినీళ్ళ క్యానుల ఆటో వచ్చింది. నీళ్ళూ లేవన్నాడు. క్యారేజీలు గోడ పక్కన వరసగా పెట్టించి, సుద్దముక్క కోసం వెతికాడు.

లోపలినుంచి గుమాస్తాలు వచ్చి కంచె మీద గడ్డాలు ఆన్చి నిలబడ్డారు. నాకు ఆ నిలబడడం బాగా తెలుసు. తర్వాత ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఈసారి ఆయన ముఖానికి తెరా లేదు, మాస్కులూ లేవు.

"ఇదేమిటి తవుడూ?"

"యాబై మీటర్లు బాబూ."

"విప్పు."

"ఉత్తర్వు కావాలి బాబూ."

ఆయన లోపలికి వెళ్ళిపోయారు. ఒంటిగంటా నలభైకి మైకు తీసుకుని వచ్చారు. వెంట కమిషనరు గారు కూడా ఉన్నారు. ఇరవై ఆరు రోజులుగా కుదరని పని నలభై నిమిషాల్లో ఎలా అయిందంటే, ఆకలికి ఫైలు అక్కర్లేదు. ఇన్‌స్పెక్టరు గారు చదివారు. కమిషనరు గారు, తాను, టైపిస్టు సభ్యులుగా అత్యవసరంగా ఏర్పడిన నిపుణుల సంఘం, సుదీర్ఘంగా పరిశీలించిన మీదట, మంచం అనునది మంచమేనని, దానికి జబ్బు సోకు అవకాశం లేదని ఏకగ్రీవంగా నిర్ధారించినది. కావున బురదగెడ్డ వీధి, ఆఫీసు ప్రాంగణము, రెండు మండలములనూ తక్షణమే ఎత్తివేయవలెను.

కాగితం ఇవ్వబోయారు. కాగితం జాబితాలో లేదని కానిస్టేబులు చెప్పాడు. చదివారు గదా, చాలన్నాను.

"మరి విప్పు," అన్నారు కమిషనరు గారు.

"ముందు కట్టింది ముందు విప్పడం మా పనిలో పద్ధతి బాబూ," అన్నాను. "బురదగెడ్డ వీధి ముందు కట్టాను."

వీధికి నడిచి వెళ్ళాం. నేను నిదానంగా విప్పాను. ముడులు ఎండకి బిగిసిపోయాయి, వయసు మీద పడ్డ చేతులు. నాలుగో కంచె విప్పేసరికి నాలుగయింది. కుళాయి వచ్చింది. అందరూ పట్టుకున్నారు. ఎర్నాయుడు పెళ్ళాం వంటింట్లోంచి పడకగదిలోకి అన్నం గిన్నె పట్టుకెళ్ళింది. అందరి బిందెలూ నిండాక నేను అరగంట సేపు కుళాయి కింద కూర్చుని స్నానం చేశాను. సబ్బు ఉంది గదా. పావుగంట వీపు, పావుగంట తల. మా ఆడది వచ్చి తువ్వాలు ఇచ్చింది.

అయిదున్నరకి ఆఫీసు కంచె విప్పాను. అందరూ తిన్నగా క్యారేజీల మీదికి వెళ్ళారు. పోలమ్మ లోపలికి వెళ్ళి, ఏడు బిందెలూ తిరగేసి, మంచం మీద పేర్చి ఇంటికి పట్టించింది.

ఆ రాత్రి ఆవిడ మంచం మీద పడుకుని పక్కకి తిరిగింది. కిర్రుమనలేదు. మళ్ళీ తిరిగింది. లేచి ఎడమ ముందుకోడు పట్టుకుని ఊపి చూసింది. ఊగలేదు. నర్సమ్మ విరిచిన పుల్ల, దూది బెజ్జంలో బిగుసుకుని, ఆఫీసు గుమ్మంలో చల్లిన మందు తగిలి గట్టిపడిపోయాయి.

ఆ ఏడాది మా ఊళ్ళో సర్కారు వైద్యంతో పూర్తిగా నయమైంది ఆ కోడు ఒక్కటే.